మళ్ళీ అదే స్పోర్ట్స్ కారు కొంటారా? ముందు మీ సెల్లార్ ర్యాంపు కొలవండి

ప్రశ్న ఇదీ: గుంటూరు బ్రాడీపేటలో అపార్ట్‌మెంటు, సెల్లార్‌లో పార్కింగ్, అరవై డెబ్బై లక్షల బడ్జెట్, వారానికి ఒకటి రెండుసార్లు విజయవాడ ప్రయాణం. చూస్తున్నవి మూడు బండ్లు, మూడూ సెకండ్ హ్యాండే: ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, బీఎండబ్ల్యూ ఎం340ఐ, పోర్షే 718 బాక్స్‌టర్. "ఇలాంటివి వాడుతున్నవాళ్ళని మళ్ళీ అదే కారు కొంటారా అని అడిగితే ఏమంటారు?"

కొంటామనే అంటారు. ఎక్కువమంది మనసులో మాటే చెప్తారు కూడా. కాకపోతే అదే మోడల్ కొంటారు గానీ అదే వేరియంటు, అదే టైరు సైజు, అదే చరిత్ర ఉన్న బండి మాత్రం కొనరు. ఇంజను విషయంలో బాధపడేవాళ్ళు అరుదు. బాధంతా బండి ఇంట్లోంచి రోడ్డెక్కే మధ్యలో, రోడ్డు మీంచి వర్క్‌షాపుకు చేరే మధ్యలో ఉంటుంది. అందుకని ఓనర్లను అడగాల్సిన ప్రశ్న వేరు: గడిచిన పన్నెండు నెలల్లో ఎన్ని కిలోమీటర్లు తిప్పారు?

అమ్మకానికి పెట్టిన ప్రకటనలు చూడండి. ఐదేళ్ళ బండి, ఎనిమిది వేల కిలోమీటర్లు అని గొప్పగా రాస్తారు. అంటే నెలకు 130 కి.మీ. పైచిలుకు. గుంటూరు నుంచి విజయవాడ పోయి రావడం దాదాపు 70 కి.మీ. నెలకు రెండు ట్రిప్పులన్నమాట. డెబ్బై లక్షల బండిని నెలకు రెండుసార్లే బయటికి తీశారంటే దానికి సరదా తగ్గడం ఒక్కటే కారణం కాదు. తీసిన ప్రతిసారీ ఏదో ఒక పీకులాట ఉండి ఉంటుంది. ఆ పీకులాటలు మీ ఇంటి దగ్గర ఎన్ని ఉన్నాయో ముందే లెక్క తేల్చుకుంటే మీ జవాబు మీకే తెలుస్తుంది.

మొదటిది ర్యాంపు. ఒక మీటరు పొడవున్న నిటారు బద్ద, ఒక టేపు, ఫోన్లో లెవెల్ యాప్ చాలు. బద్ద ఒక కొసను ర్యాంపు మీద ఆనించి, లెవెల్‌గా పట్టుకుని, రెండో కొస కింద ఎంత ఖాళీ ఉందో కొలవండి. 12.5 సెం.మీ. వస్తే వాలు ఎనిమిదికి ఒకటి. 20 సెం.మీ. వస్తే ఐదుకు ఒకటి. పాత అపార్ట్‌మెంట్లలో, స్థలం చాలక నిట్టనిలువుగా దించేసిన చోట్ల, ఈ రెండో రకం కనబడుతుంది. ర్యాంపు ఎక్కి పైన చదును తగిలే మలుపు దగ్గర కారు నడుం నేలకు దగ్గరవుతుంది. ఎంత దగ్గరవుతుందో లెక్క సులువు: ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరాన్ని నాలుగుతో భాగించి, వాలుతో గుణించాలి. 718 వీల్‌బేస్ 2,475 మి.మీ., మస్టాంగ్‌ది 2,720, ఎం340ఐది 2,851. ఎనిమిదికి ఒకటి వాలులో వీటికి కావలసిన ఖాళీ వరసగా 77, 85, 89 మి.మీ. ఇబ్బంది లేదు. ఐదుకు ఒకటి వాలులో అదే 124, 136, 143 మి.మీ. అవుతుంది. నలుగురు ఎక్కి డిక్కీ నిండితే స్ప్రింగులు కిందికి దిగే మాట వేరే ఉంది. చూశారా, పొట్టిగా నేలకు అంటుకున్నట్టుండే బాక్స్‌టర్ కన్నా నాలుగు తలుపుల సెడాన్ ఎం340ఐకే నడుం కింద ఎక్కువ ఖాళీ కావాలి. "సెడానే కదా, పర్లేదు" అనుకుని కొన్నవాళ్ళు మొదటిరోజే కంగుతినేది ఇక్కడే.

ర్యాంపు అడుగున లెక్క వేరు. అక్కడ తగిలేది నడుం కాదు, ముందు బంపరు పెదవి. ముందు చక్రం మధ్య నుంచి బంపరు కొస దాకా 90 సెం.మీ. ఉందనుకుంటే, ఎనిమిదికి ఒకటి వాలులో ఆ కొస కింద నేల 11 సెం.మీ. పైకి లేచి ఉంటుంది, ఐదుకు ఒకటిలో 18. టైరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాస్త వెసులుబాటు దొరుకుతుంది గానీ 18 సెం.మీ. దగ్గర ఏ స్పోర్ట్స్ కారూ గీసుకోకుండా పోదు. ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రం ఎక్కించాలంటే ర్యాంపు వెడల్పు కనీసం నాలుగు మీటర్లుండాలి, పక్కన స్తంభం ఉండకూడదు. అసోసియేషన్ ఒప్పుకుంటే ర్యాంపు అడుగున ఒకటిన్నర మీటరు పొడవున సిమెంటుతో మెల్లగా వంపు తిరిగేలా కలిపించడం అన్నిటికన్నా చవకైన మార్గం. పాతిక వేల బంపరు పెయింటు రెండుసార్లు వేయించే బదులు ఆ పని ఒకసారి చేయించవచ్చు.

మస్టాంగ్ చూసేవాళ్ళు వెడల్పు కూడా కొలవాలి. అద్దాలు కాకుండా బండి 1,916 మి.మీ. స్తంభాల మధ్య స్థలం రెండున్నర మీటర్లయితే ఒక్కో పక్క 29 సెం.మీ. మిగులుతుంది. రెండు తలుపుల బండికి తలుపు పొడవెక్కువ. ఆ సందులోంచి మనిషి దిగడం కుదరని పని.

ఇక స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం. ఆ కొలతతో కట్టిన దాని మీద కారు నిలువుగా ఎక్కితే, రెండు చక్రాల మధ్య గుబ్బ పైకి లేచేది 718కి 45, మస్టాంగ్‌కు 54, ఎం340ఐకి 60 మి.మీ. మాత్రమే. ఏ కారూ తగలదు. గొడవంతా కాలనీవాళ్ళు రాత్రికి రాత్రి కాంక్రీటుతో పోసిన వాటితో. 15 సెం.మీ. ఎత్తు, మీటరు వెడల్పు ఉంటే ముందు చక్రాలు దిగిపోయాక ఆ పదిహేనూ పదిహేనే. దాన్ని ఏటవాలుగా దాటితే ఒక్కో చక్రం విడివిడిగా ఎక్కి దిగుతుంది కాబట్టి నడుం కాస్త పైనే ఉంటుంది. కానీ వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటే రోడ్డంతా ఆక్రమించి అడ్డంగా తిప్పాలి. హైవే మీద ఈ బాధ లేదు. కాజ టోల్ నుంచి కనకదుర్గ వారధి దాకా ఏ బండైనా హాయిగా పోతుంది. హైవే దిగి ఊళ్ళోకి వచ్చే చివరి రెండు కిలోమీటర్లే పరీక్ష. మీ దారిలో అలాంటివి ఎన్నున్నాయో ఒకసారి స్కూటరు మీద పోయి లెక్కపెట్టండి. పోర్షే 911 లాంటి వాటిలో ముందు భాగాన్ని మీట నొక్కి సుమారు 40 మి.మీ. లేపే ఆప్షన్ ఉంటుంది. మీరు చూసే బండికి అది ఉందో లేదో ఆప్షన్ల చిట్టాలో చూసుకోండి. తర్వాత బిగించడం లాభసాటి కాదు. మళ్ళీ కొంటే ఏం మారుస్తారని 911 వాళ్ళను అడిగితే మొదట వచ్చే మాట ఇదే.

కింద తగిలిన ప్రతిసారీ బంపరుకు గీత పడిందా అని మాత్రమే చూసి ఊరుకుంటారు. అసలు పాడయ్యేది ఇంజను కింద ఉండే ప్లాస్టిక్ ట్రే. దాని క్లిప్పులు రెండు ఊడితే ఎనభై దాటగానే టపటపా కొట్టుకుంటుంది, గాలికి కిందికి వంగి మిగతా క్లిప్పులనూ పీకేస్తుంది. ఆయిల్ మార్చినప్పుడల్లా క్లిప్పులు, స్క్రూలు లెక్కపెట్టించండి. ఆటోనగర్‌లో ఏ క్లిప్పయినా దొరుకుతుంది, కానీ బయటి మెకానిక్ చేతికి వచ్చిన స్క్రూ బిగిస్తే అల్యూమినియం మర పోతుంది.

రెండో బాధ బండి కదలకుండా ఉండటం. ఈ కార్లు తాళం వేసి ఉన్నా 30, 40 మిల్లీ ఆంపియర్ల కరెంటు తాగుతూనే ఉంటాయి. నలభై అనుకుంటే రోజుకు ఒక ఆంపియర్-అవర్. 70 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నెలకు 30 పోతుంది, ట్రాకర్ బిగించి ఉంటే ఇంకా ఎక్కువ. సగం ఖాళీ అయిన బ్యాటరీని మే నెల ఎండలో వదిలేస్తే దాని ఆయుష్షు తీరినట్టే. మందు ఒకటే, బ్యాటరీ మెయింటెయినర్ ఛార్జరు. దానికి మీ పార్కింగ్ దగ్గర మీ ఫ్లాటు మీటరు నుంచి లాగిన 5 ఆంపియర్ల ప్లగ్ పాయింటు కావాలి. కామన్ మీటరు నుంచి వాడితే అసోసియేషన్ మీటింగులో మీ పేరే మొదటి అజెండా. బీఎండబ్ల్యూలో కొత్త బ్యాటరీ వేస్తే దాన్ని కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయించాలి, లేకపోతే పాత బ్యాటరీ అనుకుని ఛార్జింగ్ తప్పుగా చేస్తుంది. బాక్స్‌టర్‌లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తెరుచుకోవడానికేమో కరెంటు కావాలి. బ్యాటరీ చచ్చిపోతే కాళ్ళ దగ్గరి ఫ్యూజు పెట్టెలో బయటికి లాగే ఎర్ర టెర్మినల్ ఉంటుంది, దానికి బయటి బ్యాటరీ పెట్టి డిక్కీ తెరవాలి. ఈ సంగతి తెలియని మెకానిక్ స్క్రూడ్రైవరుతో మూత లేపబోతాడు. కొన్నరోజే మాన్యువల్‌లో ఆ పేజీ మడిచి పెట్టుకోండి.

ఎలుకల సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. సెల్లార్‌లో కదలని బండి ఇంజను మీద అవి కాపురం పెడతాయి, వైర్లు కొరుకుతాయి. ఇంజను లైటు వెలిగి బండి వణికిందంటే ముందు ఇంజెక్టరు, ఆక్సిజన్ సెన్సరు వైర్లు చూడాలి. బోనులు పెట్టించండి, వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. గుంటూరు వాళ్ళం కదా అని కారం మాత్రం చల్లకండి. ఏసీ వేయగానే అది నేరుగా మీ కళ్ళలోకే వస్తుంది.

తక్కువ కిలోమీటర్ల బండికి ఇంకో శత్రువు చిన్న ప్రయాణం. బ్రాడీపేట నుంచి అరండల్‌పేటకు పోయి ఆపేస్తే కూలెంట్ వేడెక్కుతుంది గానీ ఆయిల్ వేడెక్కదు. ఆయిల్‌లో చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు బయటికి పోవాలంటే ఆగకుండా ఇరవై నిమిషాలైనా నడవాలి. అందుకని ఆయిల్ మార్పు కిలోమీటర్లను బట్టి కాదు, ఏడాదిని బట్టి చేయించాలి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర మరగాలి, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మన కృష్ణాతీరపు ఉక్కపోతలో తేమకు కొదవ లేదు. కొండవీడు ఘాట్ దిగేటప్పుడు పెడలు మెత్తబడిందంటే కారణం ప్యాడ్లు కాకపోవచ్చు.

పెట్రోలు మాట. ఇప్పుడు బంకుల్లో మామూలుగా వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది. లీటరుకు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి, ఏమీ కలపని పెట్రోలుతో పోలిస్తే మైలేజీ ఆరేడు శాతం తగ్గడం లెక్క ప్రకారమే. పాత బండి ఇంధనం మూత లోపల ఎంత శాతం దాకా పనికొస్తుందో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. 718 టర్బో ఇంజనును 98 ఆక్టేన్‌ను దృష్టిలో పెట్టుకుని చేశారు. తక్కువ పోస్తే పాడవదు, నాక్ సెన్సర్లు (పెట్రోలు వేళ తప్పి పేలడాన్ని కనిపెట్టేవి) స్పార్క్‌ను వెనక్కి జరుపుతాయి, ఆ మేర పవర్ తగ్గుతుంది. 45 డిగ్రీల మధ్యాహ్నం దానికి వేడి కూడా తోడైతే మీరు కొన్న గుర్రాల్లో కొన్ని నిద్రపోతాయి. మీ దారిలో ఎక్స్‌పీ100 లాంటి నూరు ఆక్టేన్ పెట్రోలు ఏ బంకులో ఉందో ముందే కనుక్కోండి. మస్టాంగ్ 5 లీటర్ల వీ8కి టర్బో లేదు, మామూలు పెట్రోలుతో సర్దుకుంటుంది. ఊళ్ళో లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఇస్తే అదృష్టం అనుకోండి. ఏదైనా సరే, రెండు మూడు వారాలు ఆపేట్టయితే ట్యాంకు నింపి ఆపాలి. ఖాళీ ట్యాంకులో గాలి, గాలిలో తేమ, తేమను పీల్చే ఇథనాల్.

టైర్ల దగ్గర చాలామంది లెక్క తప్పుతుంది. ముందు ఒక సైజు, వెనక ఇంకో సైజు ఉంటాయి కాబట్టి మామూలు కార్లలో లాగా ముందువి వెనక్కి మార్చి ఆయుష్షు పెంచే వీలు లేదు. వెనక జత ముందే అరుగుతుంది. ఎం340ఐ నాలుగు చక్రాలకూ పవర్ పోయే బండి. ముందు వెనక టైర్ల చుట్టుకొలతల మధ్య బీఎండబ్ల్యూ పెట్టిన నిష్పత్తి మారితే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకు పవర్ పంచే భాగం) మీద భారం పడుతుంది. ముందు ఒక కంపెనీ, వెనక ఒక కంపెనీ వేసిన బండి కనబడితే, మెల్లగా స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపి చూడండి. కుదుపు, పట్టేసినట్టు ఉండటం వస్తే అది మీకు వద్దు. పోర్షేకు టైరు పక్కన ఎన్ అక్షరం, అంకె ఉంటాయి, బీఎండబ్ల్యూకు నక్షత్రం గుర్తు. అవి ఆ బండి కోసం కంపెనీ ఆమోదించిన టైర్లని అర్థం. తయారీ తేదీ నాలుగు అంకెల్లో ఉంటుంది: 2219 అంటే 2019లో 22వ వారం. ఎనిమిది వేలే తిరిగిన బండికి గాడి నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం ఐదారేళ్ళ ఎండకు గట్టిపడి ఉంటుంది. వానలో మొదటి బ్రేకు దగ్గర తేడా తెలుస్తుంది. అలాంటి బండికి నాలుగు కొత్త టైర్ల ఖరీదు బేరంలోనే తీసేయండి.

గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఐదారు డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మధ్యాహ్నం హైవే దిగి బంకులో చూసి "ఎక్కువుంది" అని తీయిస్తే మర్నాడు పొద్దున తక్కువతో బయల్దేరతారు. పలచటి టైరు, తక్కువ గాలి, ఒక గుంత: పక్క గోడకు గుడ్డులాగా ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బుకు రిపేరు లేదు. స్టెపినీ చాలావాటికి ఉండదు. చక్రాల లాక్ నట్టు విప్పే తాళం చెవి బండిలో ఉందో లేదో చూసుకోండి, అది లేక అర్ధరాత్రి నందిగామ దగ్గర ఇరుక్కుంటే పంక్చర్ షాపతను చేసేదేమీ లేదు. జాకీ పెట్టే చోటు గుర్తుంచుకుని అతనికి మీరే చూపించాలి. మామూలు కారులా గడప కింద పెట్టి లేపితే రేకు సొట్టపోతుంది. బీఎండబ్ల్యూకు జాకీ గుంటలో కూర్చునే రబ్బరు దిమ్మ బయట దొరుకుతుంది, ఒకటి కొని డిక్కీలో పడేయండి.

సర్వీసు దూరం సంగతి. మీ బ్రాండు వర్క్‌షాప్ హైదరాబాదులోనో చెన్నైలోనో ఉందంటే, విజయవాడ నుంచి హైదరాబాదు 275 కి.మీ., చెన్నై 430 పైనే. ఏడాదికోసారి సర్వీసుకు పోవడం సరదాగానే ఉంటుంది. చిన్న సెన్సరు పోయి బండి లింప్ మోడ్‌లో (పవర్ తగ్గించుకుని మెల్లగా మాత్రమే నడిచే స్థితిలో) పడ్డప్పుడే అసలు ఖర్చు. ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తంగా మీద ఎక్కించుకుని పోయే లారీ) తప్ప ఇంకోటి పిలవకండి. ముందు చక్రాలు ఎత్తి వెనకవి ఈడ్చే క్రేన్ వస్తే నాలుగు చక్రాల పవర్ ఉన్న బండి గేరుపెట్టె పోతుంది. ఫ్లాట్‌బెడ్ వచ్చినా దాని పలకల వాలు మన ర్యాంపు కన్నా ఘోరంగా ఉంటుంది. రెండు మీటర్ల చెక్క పలకలు రెండు పెట్టించి ఎక్కించాలి. బంపరులో చిన్న మూత తీసి, డిక్కీలో ఉండే కొక్కెం మరతో బిగించి లాగాలి. తాడు సస్పెన్షన్ చేతులకు కట్టనివ్వకండి.

ఇప్పుడు మీ మూడు బండ్లు. మస్టాంగ్ ఇక్కడ 2016 నుంచి అమ్మారు, ఆ మొదటి మోడల్ 401 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ఆటోమేటిక్ గేరుపెట్టె మాత్రమే. 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. భయపడాల్సింది ఇంజను గురించి కాదు, ఆ వీ8 ప్రపంచమంతా ఉంది, భాగాలు తెప్పించుకోవచ్చు. కుడిచేతి స్టీరింగ్‌కే ప్రత్యేకమైన భాగాలు, అద్దాలు, లైట్లు తెప్పించడానికే వారాలు పడుతుంది. బానెట్ అల్యూమినియంది, ముందు అంచు కింద వేలు పెట్టి తడమండి. పెయింటు బుడగలు తగిలితే లోపల తుప్పు మొదలైనట్టు, పైపైన పెయింటు వేస్తే ఏడాదిలో తిరిగొస్తుంది. ఆయిల్ 7.6 లీటర్లు పడుతుంది, నాలుగు లీటర్ల డబ్బా ఒకటి పోసి సరిపెట్టే షాపులో ఇవ్వకండి. దీని ఓనర్లు మళ్ళీ మస్టాంగే కావాలంటారు, శబ్దం కోసం. కానీ ఆఫీసుకు కూడా ఇదే బండైతే ఏడాదికి అమ్మేస్తారు.

బాక్స్‌టర్‌లో రేడియేటర్లు ముందు బంపరు రెండు మూలల్లో ఉంటాయి. వాటికీ ఏసీ కండెన్సరుకూ మధ్య సందులో ఆకులు, చెత్త చేరతాయి. మన దగ్గర వేపాకు, పాలిథిన్ ముక్కలతో పాటు జిన్నింగు మిల్లుల దారిలో పత్తి పింజలు కూడా పట్టేస్తాయి. తడిసి కుళ్ళి అల్యూమినియాన్ని తినేస్తాయి, ఒకరోజు ఏసీ గ్యాసు పోతుంది. ఆరు నెలలకోసారి సన్న మూతి వ్యాక్యూమ్‌తో జాలీలోంచి లాగించండి, రెండేళ్ళకోసారి బంపరు విప్పి శుభ్రం చేయించండి. ఈ ఒక్క పని చేయించిన బిల్లు పాత ఓనరు దగ్గర ఉందంటే ఆ బండి సరైన చేతుల్లో ఉందని నమ్మొచ్చు. పైకప్పు 50 కి.మీ. వేగం దాకా, తొమ్మిది సెకన్లలో తెరుచుకుంటుంది. తెరిచేది ఎప్పుడన్నదే ప్రశ్న. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలు కుదరదు, ఆ తర్వాత వానలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున, రాత్రి. కప్పు అంచున నీళ్ళు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుపోతే నీరు లోపలికి చేరుతుంది. చూసేటప్పుడు కార్పెట్ నొక్కి తడి ఉందేమో చూడండి. కప్పు తెరవడం కోసమే కొనేవాళ్ళు ఇక్కడ మళ్ళీ కొనరు. స్టీరింగ్ కోసం కొన్నవాళ్ళు మాత్రం వదలరు, వాళ్ళైనా రెండోసారి అదే 718లో తెరుచుకోని గట్టి పైకప్పున్న కేమన్ తీసుకుంటారు.

ఎం340ఐని చెన్నైలో అసెంబుల్ చేస్తారు కాబట్టి భాగాలు దొరకడం మిగతా రెండింటికన్నా తేలిక. 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను గట్టిది. ఆయిల్ ఫిల్టరు హౌసింగ్ గాస్కెట్ దగ్గర చెమర్చడం, కూలెంట్ మెల్లగా తగ్గడం చూసుకోవాలి. దీనికున్న అసలు ప్రమాదం రీమ్యాప్. సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచి, అమ్మే ముందు పాతది ఎక్కించేస్తారు. కంపెనీ స్కానింగ్‌లో ప్రోగ్రామింగ్ లెక్క బయటపడితే వారంటీ పోయినట్టే. సైలెన్సరు దగ్గర కొత్త వెల్డింగు, కొత్త క్లాంపులు కనిపిస్తే అనుమానించండి. వాహనంలో కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఆ సైలెన్సరుతో మీకు పోలీసుల దగ్గరా, ఇన్సూరెన్సు దగ్గరా తలనొప్పే. మీరు చెప్పిన వాడకానికి, అంటే కుటుంబంతో వారానికి రెండుసార్లు విజయవాడకు, మూడింట్లో మళ్ళీ కొనాలనిపించేది ఇదే. ఐదుకు ఒకటి ర్యాంపు ఉంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కాగితాల్లో జారేది ఎక్కువగా వేరే రాష్ట్రం బండ్ల దగ్గర. ఢిల్లీ, పుదుచ్చేరి నంబర్లు చవగ్గా కనిపిస్తాయి. ఫారం 28 ఎన్ఓసీ, పేరు మార్చే 29, 30, లోను ఉంటే బ్యాంకు ఇచ్చే 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే తిప్పితే మన నంబరు తీసుకోవాల్సిందే, మన రాష్ట్రం లైఫ్ ట్యాక్సు బండి వయసు లెక్కన కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టిన దాని వాపసు మీరే తిరిగి తెచ్చుకోవాలి. ఈ ఖర్చు కలిపాక "చవక" ఎంత మిగిలిందో చూడండి. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకు సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ వచ్చింది, మొత్తం పన్ను తగ్గింది. పాత ఇన్‌వాయిస్ చూపించి "అప్పుడు ఇంతకు కొన్నాను" అంటే బేరానికి ఆధారం అది కాదు, ఇవాళ్టి కొత్త బండి ధర.

ఇన్సూరెన్సులో జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి కోత వేయని ఆప్షన్) లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. స్పోర్ట్స్ కారు ముందు భాగంలో ప్లాస్టిక్కే ఎక్కువ. ప్రీమియం తగ్గించడానికి ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) తక్కువ వేయించుకోకండి. నీళ్ళు మింగి ఇంజను పోతే మామూలు పాలసీ ఇవ్వదు, ఇంజను ప్రొటెక్ట్ ఉండాలి. చెన్నై ట్రాక్ మీద తిప్పాలనుకుంటే, రేసులు, వేగ పరీక్షలు పాలసీ బయటే అని గుర్తుంచుకోండి.

నీళ్ళంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్ళలో ఉన్నాయి. అవి రిపేరై వేరే ఊళ్ళలో అమ్ముడుపోతాయి, వేరే ఊళ్ళ వరద బండ్లు ఇక్కడికొస్తాయి. సీటుబెల్టును పూర్తిగా చివరిదాకా లాగండి, చుట్టలో దాగిన భాగంలో బురద గీత ఉంటుంది. సీటు పట్టాల కింద బోల్టుల తుప్పు, డిక్కీ అడుగున మూలల్లో సన్నటి ఒండ్రు, ఫ్యూజు పెట్టెలో పచ్చటి చిలుము చూడండి. సెంటు కొట్టిన బండిలో ఏసీ ఆపి అద్దాలు మూసి పదినిమిషాలు కూర్చుంటే అసలు వాసన తెలుస్తుంది.

బండి చూడటానికి పొద్దున ఆరింటికి వెళ్ళండి, ముందురోజు రాత్రి నుంచి స్టార్టు చేయొద్దని చెప్పి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూశాకే స్టార్టు చేయించండి. చలి స్టార్టులో ఇంజను లోపలి గొలుసు చప్పుడు, నీలిపొగ దాక్కోవు. పెయింటు మందం మీటరుతో అన్ని పలకలూ కొలిపించండి, ఒక్క పలక మిగతా వాటికన్నా రెండింతలు చూపిస్తే అది మళ్ళీ వేసిన పెయింటు. అన్నీ బాగుంటే అడ్వాన్సు ఇవ్వకముందే ఆ ఓనరును మీ సెల్లార్ దాకా బండి తెమ్మనండి. డిక్కీలో సామాను పెట్టి, మనుషుల్ని ఎక్కించి, ర్యాంపు దిగి ఎక్కమనండి. ఒకరు పక్కన వంగి ఫోన్లో వీడియో తీయాలి. అమ్మేవాడు దానికి జంకితే కారణం అతనికి ముందే తెలుసన్నమాట.